పాత ట్రాక్టర్‌కు స్కానర్ యాప్ ఎందుకు?

ప్రశ్న: కోవూరు దగ్గర మాది మాగాణి. దమ్ము చేస్తుంటే మా పాత మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టర్ మిస్ కొడుతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. వాట్సాప్ గ్రూపులో 'ట్రాక్టర్ స్కానర్' పేరుతో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ వేసే ఫైలు) వచ్చింది. ఇంజన్ చప్పుడు విని రోగం చెబుతుందట. ఎస్సెమ్మెస్‌లు, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతోంది. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. పొలం పనులు మొదలైతే చాలు, కొండపి నుంచి ఒకరు, టంగుటూరు నుంచి ఇంకొకరు ఇదే అడుగుతారు. మీ బండిలో సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు. మరి స్కానర్ ఎవరిని అడిగి రోగం చెబుతుంది? బ్యాటరీకి తగిలించే డాంగిల్ అనే చిన్న పరికరం కూడా అంతే. దానికి తెలిసేది బ్యాటరీ వోల్టేజీ ఒక్కటే. దాన్ని పట్టుకుని 'ఇంజన్ ఆరోగ్యం ఇంత శాతం' అని రంగుల్లో చూపించడం పచ్చి మోసం.

ఫోన్ పక్కన పెట్టి పానాలు చేతికి తీసుకోండి. బండి కాసేపు బాగా నడిచి ఆగిపోతోందా? ఆగిన వెంటనే డీజిల్ ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టే. అది కాదంటే లైనులో ఎయిర్ పట్టి ఉంటుంది. ట్యాంకుకూ, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకూ మధ్య గొట్టం చిట్లితే, ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. బయట తడి లేదు కదా అని ఆ గొట్టాన్ని వదిలేయకండి. డీజిల్ గొట్టాల చివర బిగించే బాంజో బోల్టుల రాగి వాషర్లు పాతవైతే మార్చేయండి.

ఎయిర్ తీయడానికి ముందుగా డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి ఫీడ్ పంపు లివర్ కొట్టండి. లివర్ బరువు లేకుండా ఆడుతుంటే, ఆ పంపును నెట్టే క్యామ్ ఎత్తు మీద ఆగిందని అర్థం. ఇంజన్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ కొట్టండి. బుడగల్లేని డీజిల్ వచ్చాక, లివర్ కొడుతూనే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా ఇదే పని.

అప్పటికీ మిస్ కొడుతుంటే, బండిని ఐడిలింగ్‌లో ఉంచి సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ల పైపు నట్లను ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చేసి, మళ్లీ బిగిస్తూ రండి. ఏ నట్టు వదిలినప్పుడు చప్పుడు మారదో ఆ సిలిండర్ పని చేయడం లేదు. చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. చుక్క రక్తం కనపడకపోయినా అది ఆసుపత్రి కేసే. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి, కింద కొత్త వాషర్ వేసి. మిస్ దానితో పాటే వెళితే నాజిల్‌ది తప్పు. అక్కడే ఉండిపోతే మెకానిక్‌కు వాల్వు గ్యాపు, కంప్రెషన్ చూపించాలి.

ఇక నన్ను భయపెట్టేది ఆ ఏపీకే. ఇంజన్ చప్పుడు వినే యాప్‌కు మైకు చాలు. ఎస్సెమ్మెస్‌లు, యాక్సెసిబిలిటీ ఎందుకు అడుగుతోంది? మొదటిదిస్తే మీ ఓటీపీలు దానికి కనపడతాయి. రెండోదిస్తే తెర మీద మీ వేలి బదులు అదే నొక్కుతుంది. పంట రుణం పడే ఖాతా, యూపీఐ, అన్నీ ఆ ఫోన్‌లోనే కదా! గ్రూపులో పంపింది మీ బావమరిదే కావచ్చు. అతని ఫోన్‌ అప్పటికే దొంగ చేతిలో ఉంటే ఆ మెసేజ్ అతను పంపింది కాదు. 'తెలియని చోటు నుంచి ఇన్‌స్టాల్' అనుమతిని రెండు నొక్కులతో ఇచ్చేసే ఫోన్లు తయారు చేసేవాళ్లను కూడా నేను క్షమించలేను.

ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆ వేరే ఫోన్ నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ నుంచి ఆ యాప్‌ను తొలగించి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కుదరకపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచే పద్ధతి) ప్రయత్నించండి. కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉండొచ్చు, ఆ సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి ##002# కొట్టి రద్దు చేయండి. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేదాకా ఆ ఫోన్‌లో పిన్ కొట్టొద్దు.