ఇంజినీరింగ్ ప్రవేశాల్లో అమ్మాయిలు తక్కువైతే నష్టం ఎవరికి?

మార్కులు వచ్చినవారికే సీటు దక్కాలి కదా, ఐఐటీల్లో అమ్మాయిలకు వేరుగా సీట్లెందుకు, వారు తక్కువగా ఉంటే నష్టమేమిటని మీరు అడిగారు. మెకానికల్ తరగతిలో అరవై మందిలో ఉన్న ముగ్గురు అమ్మాయిల్లో ఒకరిగా చదువుకుని, ఇప్పుడు అదే శాఖలో పాఠాలు చెబుతున్నదానిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

మొదటి ఏడాది ఫిట్టింగ్ షాపులో వైసుకు (ముక్కను కదలకుండా పట్టి ఉంచే పరికరం) ఇనుప ముక్క బిగించి ఆకురాయి పట్టుకున్నానో లేదో, ఇన్‌స్ట్రక్టరు గారు వచ్చి, "నీకెందుకమ్మా ఈ కష్టం, నువ్వు రికార్డు రాసుకో, వాడు అరగదీస్తాడు" అంటూ దాన్ని నా బ్యాచి అబ్బాయి చేతికిచ్చారు. ఆయన నిజంగా జాలితోనే అన్నారు. ఆ ఏడాదంతా సగం తరగతి నా రికార్డు చూసి రాసుకుంది కానీ, నేను మాత్రం ఒక్క జాయింటూ సొంతంగా చేయలేదు. సందేహం అడుగుదామన్నా, అది తెలివితక్కువ ప్రశ్న అయితే "అమ్మాయిలకు మెకానికల్ రాదు" అన్న మాట ముగ్గురికీ అంటుకుంటుందన్న భయంతో నోరు మెదిపేదాన్ని కాదు. అబ్బాయిలూ నష్టపోయారు: నాలుగేళ్లు ఒక్క అమ్మాయితోనూ కలిసి పనిచేయకుండా ఉద్యోగాల్లో చేరినవారిలో కొందరు, తమ పై అధికారిగా ఒక మహిళ వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో తెలియక తడబడ్డారు.

ఇక మార్కుల సంగతి. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశాలిచ్చే బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో అమ్మాయిలే ఎక్కువ. ఐఐటీల ప్రవేశ పరీక్ష అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ జాబితాకు వచ్చేసరికి వారు పలచబడిపోతారు. ఆ రెండేళ్ల మధ్య తెలివి తగ్గిపోదు. ఇంట్లో ఒక నిర్ణయం జరుగుతుంది. మా తమ్ముణ్ణి విజయవాడలో హాస్టల్లో ఉంచి కోచింగ్ ఇప్పించిన మా నాన్నగారు, నన్ను బస్సు దిగి నడిచి వెళ్లగలిగే దూరంలోని కాలేజీలో చేర్పించారు. ఆయనకు నా మీద ప్రేమ తక్కువ కాదు. ఆడపిల్లను ఒంటరిగా ఎక్కడో ఉంచడమా అన్న బెంగ, ఆ డబ్బు పెళ్లికి పనికొస్తుందన్న లెక్క ఆయన చేత అలా చేయించాయి.

ఐఐటీల్లో 2018లో అమ్మాయిల వాటాను 14 శాతానికి, 2019లో 17కు, 2020లో 20 శాతానికి చేర్చేలా సీట్లు పెంచినప్పుడు అబ్బాయిల సీట్లు తగ్గించలేదు; ఇవి అదనపు సీట్లు. వీటిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే సీటు ఒక్కటే చాలదు. మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఇంజినీరింగ్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయించినా, మెకానికల్‌లో అడిగేవారు లేక ఆ సీట్లు అబ్బాయిలకే వెళుతున్నాయి.

ఇప్పుడు నేను వర్క్‌షాపు బ్యాచీలు వేసేటప్పుడు ఉన్న కొద్దిమంది అమ్మాయిలను బ్యాచికొకరు చొప్పున విడదీయను. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండేలా చూస్తాను. ఆకురాయి అందరి చేతుల్లోకీ వస్తుంది, రికార్డు ఎవరిది వారే రాయాలి.