మధురవాణి వేషం నాకొద్దన్నాను

గురజాడ నాటకం కన్యాశుల్కంలో మీరు మొదట ఒకలా అనుకుని, తర్వాత అభిప్రాయం పూర్తిగా మార్చుకున్న పాత్ర ఏది అని అడిగారు. నాకైతే మధురవాణి.

డిగ్రీలో ఉండగా కాలేజీ వార్షికోత్సవానికి ఆ నాటకం చివరి రంగం వేద్దామనుకున్నాం. మా తెలుగు మేడమ్ నన్ను మధురవాణి వెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. మధురవాణి వేశ్య అని, తనని ఉంచుకున్న రామప్పపంతుల్ని ఆడిస్తుందని, అంతే తెలుసు నాకు. ఇంట్లో ఏమంటారో అని టెన్షన్ కూడా. "ముందు మొత్తం చదువు, ఆ తర్వాత వద్దను" అన్నారు మేడమ్.

చదివితే మొదట నన్ను పట్టేసుకున్నది గిరీశం, కబుర్లతో అందర్నీ బోల్తా కొట్టించే మోసగాడు. అతను మన దగ్గర ఏమీ దాచడు. నాటకం మొదట్లోనే, బొంకులదిబ్బ దగ్గర, పూటకూళ్లమ్మ సరుకుల డబ్బు ఇరవై రూపాయలు ఎలా ఖర్చయ్యాయో తనే చెప్పేస్తాడు. అతను వలేసిన వితంతువు బుచ్చమ్మకి, ఆమె తమ్ముడూ అతని శిష్యుడూ అయిన వెంకటేశానికి అతని సంగతి తెలియదు కాబట్టి నమ్మారు. నేను తెలిసి కూడా ఆ ఇంగ్లీషు మాటలకి, ఆ హుషారుకి నవ్వుకుంటూ అతని వెంటే పోయాను.

సౌజన్యారావు పంతులు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. నిజంగా మంచివాడు, పెళ్లాడిన పిల్లని చంపాడని ఇరుక్కున్న ముసలి లుబ్ధావధాన్లుని ఖూనీ కేసు నుంచి బయటపడేయాలని తాపత్రయపడే ప్లీడరు. అలాంటాయన గిరీశం సంస్కరణ కబుర్లు నమ్మాడు. వేశ్య అంటే మాత్రం గడప తొక్కనివ్వడు. ఆ కేసులో చచ్చిపోయిందంటున్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదు, కరటకశాస్త్రి అనే ఆయన ఆడవేషం వేసి పెళ్లి చేసిన తన శిష్యుడు. ఆ నిజం చెప్పడానికి మధురవాణి మగవేషం వేసుకుని వెళ్లాల్సి వచ్చింది. రిహార్సల్లో పంచె కట్టుకుని నిలబడ్డప్పుడు ఇది నాకు గట్టిగా తగిలింది. ఆమె మాట ఆయన విన్నది ఆ బట్టల వల్లే. ఆమెని చూడకుండానే ఆయన చేసిన పనే నేనూ చేశాను.

సాయానికి బదులుగా ఆమె ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నలిగిపోయి చివరికి సిద్ధపడితే, చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటూ ఆమే ఆపేస్తుంది. ఆ మాట నేను గడుసుగా అంటుంటే మేడమ్ రోజూ ఆపేవారు. "ఆయన మీద గెలిచినట్టు అనకమ్మా, ఆయన్ని కాపాడుతున్నట్టు అను" అనేవారు. అలా అనడానికి నాకు వారం పట్టింది.

మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. 1892లో విజయనగరంలో ఆడిన మొదటి రూపాన్ని గురజాడ బాగా తిరగరాశారు, మధురవాణి ఇంతగా ఎదిగింది ఆ తిరగరాతలోనే. పనిగట్టుకుని ఆమెని పెంచారంటే ఆయనకి ఆమె మీద ఎంత గౌరవమో అనిపిస్తుంది నాకు.

ఆ రోజు మా నాటకంలో గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనగానే హాలంతా చప్పట్లు, ఈలలు. నేను స్టేజి మీద ఓ పక్కన, తీసేసిన తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. అందరూ అతన్నే చూస్తున్నారు.