కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? నడుముకు ట్రాక్షన్ పెట్టించాలా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. కుడి మోకాలు అరిగిందని చేతికర్ర వాడమన్నారు. కుడి చేత్తోనే పట్టుకుని ఓ పక్కకు ఒరుగుతూ నడుస్తోంది. ఈమధ్య నడుము నొప్పి కూడా మొదలైంది. ట్రాక్షన్ పెట్టించమని తెలిసినవాళ్లు అంటున్నారు. పెట్టించవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు కర్రను ఎడమ చేతికి మార్పించండి. నొప్పి ఉన్న వైపే ఆసరా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ చాలామంది అలాగే పట్టుకుని వస్తారు. కానీ మామూలు నడకలో కుడికాలు ముందుకు పడితే ఎడమ చెయ్యి కదా ముందుకు ఊగేది! కర్ర ఆ చేతిలో ఉంటే కర్రా, కుడికాలూ ఒకేసారి ముందుకు పడతాయి, మోకాలి మీద బరువు తగ్గుతుంది. కుడి చేతిలోనే ఉంటే ఒళ్లంతా నొప్పి ఉన్న కాలి మీదికే వాలుతుంది. మీరు చెప్పిన ఒరుగుడు బహుశా అదే.

తర్వాత కర్ర ఎత్తు చూడండి. అమ్మ చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 20-30 డిగ్రీలు వంగాలి. ఇంట్లో తాతగారి కర్ర ఉంది కదా అని ఇచ్చేస్తుంటారు, అది ఆయన ఎత్తుకు చేయించిన కర్ర! అడుగున రబ్బరు అరిగిపోతే బాత్రూంలో జారుతుంది, వెంటనే మార్చండి.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు, తర్వాత కర్ర, కుడికాలు. దిగేటప్పుడు ముందు కర్ర, కుడికాలు, ఆ తర్వాతే ఎడమకాలు. రెయిలింగ్ ఉంటే ఒక చెయ్యి దాని మీదే ఉండాలి.

ఇక ట్రాక్షన్. బెల్టు కట్టి బరువులతోనో, మెషీన్‌తోనో నడుమును సాగదీస్తారు. ఆ కాసేపు కొందరికి హాయిగానే ఉంటుంది. అయితే వైద్య పరిశోధనలను జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ కొక్రేన్ 2013లో వెలువరించిన సమీక్ష 32 పరిశోధనలను కలిపి చూసి, నడుము నొప్పికి దీనివల్ల ప్రయోజనం దాదాపు లేదని తేల్చింది. అందుకే నేను దీన్ని తొందరపడి రాయను. పైగా అమ్మ వయసులో ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. అలా ఉన్నా, వెన్నుపూస విరిగి ఉన్నా ట్రాక్షన్ పెట్టకూడదు. తెలిసినవాళ్ల మాట మీద మాత్రం వెళ్లకండి.

కుంటి నడక వల్ల కూడా నడుము పట్టేస్తుంది. కర్ర చెయ్యి మార్చి, ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ, పిరుదు కండరాల వ్యాయామాలు నేర్చుకుని కొన్ని వారాలు చేయించి చూడండి. ఈలోగా కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పడిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.