పర్లాకిమిడిలో నాన్నగారి బీఎంఐ 24: బరువు తగ్గించాలా?

మీ నాన్నగారికి 70 ఏళ్లు, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు అని రాసి, తగ్గించాలా అని అడిగారు. బీఎంఐ అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క. 66 కిలోలని మీటర్లలో ఎత్తు 1.65తో రెండుసార్లు భాగిస్తే 24.2. మనవాళ్లకి 23 దాటితే అధిక బరువంటారు గానీ, ఆ లెక్క వయసు చూడదు. ఈ వయసులో కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది. వెన్ను కుంగి ఎత్తు తగ్గినా బీఎంఐ పెరుగుతుంది; పాత ఎత్తు వేయకుండా మళ్లీ కొలవండి.

నడుం చుట్టూ టేపు పెట్టండి. పంచె ముడి దగ్గర కాదు, అది ఎప్పుడూ పొట్ట కిందికి జారే ఉంటుంది! చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక. 90 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ చూపించండి. లేదంటే టెన్షన్ వద్దు. పస్తులు అసలే వద్దు, ఉన్న కండ పోతుంది. చోడి (రాగి) అంబలితో పాటు పప్పో గుడ్డో పెట్టండి.

ప్రయత్నించకుండానే ఏడాదిలోపు మూడు, నాలుగు కిలోలు తగ్గితే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.