చిన్నపిల్లల చదువు చదవబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

హోమ్ సైన్స్‌లో చేరి శిశు వికాసం వైపు వెళ్తానన్నావట. అది విని మీ మామయ్య "పిల్లల ముక్కులు తుడవడానికి కూడా డిగ్రీ కావాలా?" అన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆయనతో వాదన పెట్టుకోకు. ఒక్క పూట పాతికమంది మూడేళ్ల పిల్లల్ని ఒప్పజెబితే ఆయనే దారికొస్తాడు.

సూపర్‌వైజర్‌గా అంగన్‌వాడీలు తిరిగినన్నాళ్లూ నేను గమనించింది ఒకటుంది. సిలబస్ చదివినవాళ్లు బోలెడుమంది, పిల్లని చూడటం వచ్చినవాళ్లు తక్కువ. పియాజే, వైగోట్‌స్కీ, ఫ్రోబెల్ అంటూ పిల్లల ఎదుగుదల, చదువుల మీద రాసిన పెద్దల పేర్లూ, వాళ్లు చెప్పిన దశలూ బట్టీపట్టి ఫస్ట్ క్లాసు తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత నీకు అక్కరకొచ్చేది మాత్రం అబ్జర్వేషన్ రికార్డే, అంటే పిల్లల్ని దగ్గరుండి చూసి రాసుకునే పుస్తకం. చాలామంది దాన్ని సబ్మిషన్ ముందురోజు రాత్రి సీనియర్ల రికార్డు ముందేసుకుని దించేస్తారు. నువ్వా పని చేయకు.

"పిల్ల చురుకైనది, లెక్కలు వచ్చు" అని రాశావనుకో, అది నీ అభిప్రాయం. మన విశాఖ జాలరి పేట పెదజాలారిపేటలో ఒక నాలుగేళ్ల పిల్ల చింతగింజల్ని వేలితో ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ ఏడుదాకా లెక్కపెట్టింది. "మొత్తం ఎన్నున్నాయే?" అంటే జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది. ఇంకోసారి అడిగినా అంతే. ఇది ఉన్నదున్నట్టు రాయి. గింజకో అంకె చెప్పడం దానికి వచ్చేసింది, చివర చెప్పిన అంకే మొత్తమని మాత్రం ఇంకా తట్టలేదు. "లెక్కలు రావు" అని కొట్టిపారేస్తే ఈ తేడా ఎవరికీ కనపడదు. ఆ పిల్లే అమ్మ చేపల బుట్టలో కానాగంతలేవో కవళ్లేవో చిటికెలో వేరుచేస్తుంది. మీ పుస్తకంలో వర్గీకరణ అని పెద్ద పాఠం ఉంటుందే, అదే ఇది!

మన ఊళ్లో ఇంకో సంగతి. నేవీ, స్టీల్‌ప్లాంట్ కుటుంబాలు, ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్లు ఉండటంతో ఒకే గదిలో మూడు భాషలు వినిపిస్తాయి. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లాడు కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. వెంటనే 'మొద్దు' అని పేరు పెట్టేస్తారు మనవాళ్లు. పాటకి చేతులు ఊపుతున్నాడా, చెప్పిన పని అందుకుంటున్నాడా చూడు. ఇంట్లో వాళ్ల భాషలోనూ మాటల్లేకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే అప్పుడు చెవులు చూపించమని చెప్పు, ఆలస్యం చేయనివ్వకు.

చరిత్ర పాఠం విసుగనిపించినా వదలకు. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి భావనగర్‌లో బాలమందిరం అనే పసిపిల్లల బడి తెరిచింది 1920లో, ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి మద్రాసుకి వచ్చింది 1939లో, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశ అంది. "ఎల్‌కేజీలోనే నాలుగు గీతల కాపీ రాయించరా?" అని నిలదీసే తల్లులకి జవాబు చెప్పాల్సింది నువ్వే. ముందు పిండి పిసకాలి, పూసలు గుచ్చాలి. వేళ్లకి బలం వచ్చాకే పెన్సిల్.

ఉద్యోగం సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. ఈ డిగ్రీ ఒక్కదానితో సర్కారు ప్రాథమిక బడిలో ఎస్‌జీటీ టీచరు పోస్టు రాదు. దానికి డీఈఎల్‌ఈడీ అనే టీచర్ డిప్లొమా, టెట్ అనే అర్హత పరీక్ష అడుగుతారు. బీఈడీ చేసినా ప్రాథమిక తరగతులకి చెల్లదని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సర్కారు బడే కావాలంటే దారి ముందే ఎంచుకో. ప్రైవేటు ప్రీస్కూళ్లు చాలానే ఉన్నాయి గానీ, జీతం ఎంతో అడగకుండా చేరిపోకు. మొహమాటపడితే మోసపోయేది నువ్వే.

దసరా సెలవులకి ముందు ఓ వారం దొరికితే మా ఇంటికి వచ్చెయ్. నాకు తెలిసిన అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడి అనుమతి తీసుకుంటాను. గీతల్లేని నోట్‌బుక్ తెచ్చుకో, పిల్లల పేర్లు మాత్రం అందులో రాయకు. ఫోను బ్యాగులోనే ఉండాలి, ఒక్క ఫొటో కూడా వద్దు.

మీ పెద్దమ్మ