భద్రత ఎవరికి, రక్షణ దేని నుంచి?

సందేహం: గురువుగారూ, నమస్కారం. టీవీలో సుంకాల మీద చర్చ చూశాను. ఒకాయన "ఇది దేశ భద్రత కోసం తీసుకున్న నిర్ణయం" అన్నారు. ఎదుటివారు "కాదు, ఇది ఒట్టి రక్షణ విధానం" అన్నారు. భద్రత, రక్షణ ఒకటే కదా, మరి వాదన దేనికి? ఇంగ్లీషులో పవర్ అనేదాన్ని కూడా ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు: ఆర్థిక శక్తి, ఆర్థిక అధికారం, ఆర్థిక ఆధిపత్యం. ఏది సరైనది? నేను ఒక వ్యాసంలో ఇలా రాశాను: "దేశ భద్రత కోసం అమెరికా ఇతర దేశాల మీద సుంకాలు వేసి తన ఆర్థిక అధికారాన్ని చూపించింది." ఈ వాక్యం సరిగానే ఉందా?

సమాధానం: నమస్కారం. మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. కానీ మూడు చోట్ల మీరు అనుకోని అర్థం వచ్చి చేరింది. ఇలాంటి చర్చల్లో మాట ఎంపికే సగం వాదన కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

భద్రత, రక్షణ ఒకటి కావు. రక్షణ ఒక పని. భద్రత ఒక స్థితి. రక్షణకు క్రియ ఉంది: రక్షించు. ఆ క్రియ వాడగానే రక్షించేవారు, రక్షణ పొందేవారు, ఎవరి నుంచి అనేది కూడా వాక్యంలోకి వచ్చేస్తాయి. "శత్రువు నుంచి రక్షణ", "ఎండ నుంచి రక్షణ" అంటాం. భద్రతకు అలాంటి క్రియ లేదు. భద్రపరచు అనే మాట ఉన్నా దాని అర్థం వేరు, కాగితాలో నగలో జాగ్రత్తగా దాచడం. భద్రం అంటే సంస్కృతంలో శుభం, మేలు. తెలుగులో "భద్రంగా వెళ్లిరండి" అన్నప్పుడు ఆ మేలు కోరే అర్థం ఇంకా వినిపిస్తుంది. తలుపు దగ్గర కాపలా ఉంటే అది రక్షణ. లోపల ఉన్నవాళ్లు నిశ్చింతగా నిద్రపోగలిగితే అది భద్రత. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

వాడుకను గమనించండి. "దేశ భద్రతకు ముప్పు" అంటాం కానీ "దేశ రక్షణకు ముప్పు" అనం. ఉద్యోగ భద్రత అంటాం, ఉద్యోగ రక్షణ అంటే చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. ఆహార భద్రత అంటే అందరికీ సరిపడా తిండి ఎప్పుడూ అందుబాటులో ఉండే స్థితి. దాన్నే ఆహార రక్షణ అంటే గోదాములో ధాన్యానికి కాపలా కాయడం అనే అర్థం వస్తుంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994 నాటి తన నివేదికలో మానవ భద్రత అనే భావనను ముందుకు తెచ్చింది. సరిహద్దులు, సైన్యాలే కాదు, ఆదాయం, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం కూడా భద్రత కిందికి వస్తాయని ఆ నివేదిక వాదన. తెలుగులో ఆ విస్తృతి అంతా భద్రత అనే మాట మోయగలదు, రక్షణ మోయలేదు.

రెంటి తేడా సంస్థల పేర్లలో ఇంకా బాగా కనిపిస్తుంది. అమెరికాలో ఒకప్పుడు యుద్ధ శాఖ ఉండేది. 1947లో చేసిన చట్టం సైనిక వ్యవస్థను ఒక గొడుగు కిందికి తెచ్చింది. 1949లో దానికి రక్షణ శాఖ అనే పేరు వచ్చింది. (2025లో మళ్లీ యుద్ధ శాఖ అనే పేరును కూడా వాడేందుకు అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. పేరు మారితే వినేవారికి ఎంత తేడాగా ఉంటుందో చూడండి.) జాతీయ భద్రతా మండలి పుట్టింది కూడా ఆ 1947 చట్టంలోనే. సైన్యాన్ని నడిపే శాఖ పేరులో రక్షణ ఉంది. ముప్పు ఏమిటో చర్చించి అధ్యక్షుడికి సలహా ఇచ్చే మండలి పేరులో భద్రత ఉంది. తెలుగు పత్రికలు ఈ రెండు మాటలనూ ఎక్కడివక్కడ సరిగ్గానే అమర్చాయి.

దీర్ఘం సంగతి కూడా చెబుతాను, చాలామంది అడుగుతుంటారు. భద్రత విడిగా ఉంటే హ్రస్వం. సంస్కృత పదంతో సమాసం చేస్తే మూలంలోని దీర్ఘం నిలుస్తుంది: భద్రతా మండలి, భద్రతా దళాలు. రక్షణ అనే మాట రక్షణం నుంచి వచ్చింది కాబట్టి అక్కడ దీర్ఘం అక్కర్లేదు. రక్షణ మంత్రి, రక్షణ శాఖ అంటే చాలు.

ఇక మీరు చూసిన చర్చ. ఇంగ్లీషులో డిఫెన్స్, ప్రొటెక్షన్ వేరువేరు మాటలు. తెలుగులో రెంటికీ రక్షణే వాడుతున్నాం. అందువల్ల రక్షణ విధానం అంటే సైన్యానికి సంబంధించిన విధానమా, విదేశీ సరుకుల పోటీ నుంచి సొంత పరిశ్రమలను కాపాడే విధానమా అన్నది మాటను బట్టి తెలియదు. రెండో ఆయన అన్నది ఈ రెండో అర్థంలో. ఆయన "పరిశ్రమల రక్షణ విధానం" అని ఒక్క మాట కలిపి ఉంటే మీకు సందేహమే రాకపోను. వాళ్లిద్దరూ మాటల దగ్గర తగువు పడలేదు, అసలు విషయం దగ్గరే పడ్డారు.

ఉదాహరణకు 2018ని తీసుకోండి. అమెరికా ప్రభుత్వం దిగుమతి అయ్యే ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. అందుకు ఆధారంగా చూపింది 1962 నాటి వాణిజ్య చట్టంలోని ఒక సెక్షన్. దిగుమతుల వల్ల జాతీయ భద్రతకు ముప్పు ఉందని తేలితే అధ్యక్షుడు వాటిని అదుపు చేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. ఆయుధాలకు, ఓడలకు ఉక్కు కావాలి, సొంత పరిశ్రమ మూతపడితే కష్టకాలంలో ఎవరిని అడుగుతాం అన్నది ప్రభుత్వ వాదన. అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కానీ కెనడా, ఐరోపా దేశాల ఉక్కు మీద కూడా సుంకం పడింది. మిత్రదేశాల ఉక్కు వల్ల భద్రతకు ముప్పేమిటి, ఇది పరిశ్రమల రక్షణే కదా అని అవతలివారు అడిగారు. ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాల్లో దేశ భద్రత కోసమంటూ ఒక మినహాయింపు ఉంది. 2022 డిసెంబరులో ఆ సంస్థ వివాద పరిష్కార బృందాలు ఈ సుంకాలు ఆ మినహాయింపు కిందికి రావని తేల్చాయి. అమెరికా ఆ తీర్పును ఒప్పుకోలేదు. తన భద్రత ఏమిటో నిర్ణయించుకునే హక్కు తనదే అంది. చూశారా, పైకి పేరు గురించిన వివాదంలా కనిపించినా, అసలు ప్రశ్న ఆ సుంకాలు దేని కోసం అన్నదే.

సుంకాల దగ్గర మరో చిన్న మాట. "ఇతర దేశాల మీద సుంకాలు" అని రాశారు. పత్రికల్లోనూ ఇదే కనిపిస్తుంది, కానీ నాకు ఇది నచ్చదు. సుంకం సరుకు మీద పడుతుంది. సరుకు సరిహద్దు దాటేటప్పుడు ఆ డబ్బు కట్టేది దిగుమతి చేసుకునే సంస్థ. "చైనాపై సుంకం" అని చదివినవాడు చైనా ప్రభుత్వమే ఆ డబ్బు కడుతుందని అనుకుంటాడు. "చైనా సరుకులపై సుంకం" అంటే ఆ పొరపాటు రాదు. ఆంక్షలు మాత్రం నేరుగా దేశం మీదే ఉండవచ్చు.

ఇక పవర్. తెలుగులో ఈ ఒక్క మాటకు ఒక కుటుంబమే ఉంది, అది మన అదృష్టం. నియమం ఇచ్చేది అధికారం. తనలో ఉన్నది శక్తి, బలం. ఇతరుల మీద నడిచేది ఆధిపత్యం. ఆ నడిపించడం ఎదుటివారికి ఇష్టం లేనప్పుడు పెత్తనం. బలప్రయోగం లేకుండానే మాట చెల్లితే పలుకుబడి. పలుకు మీద కట్టిన ఈ మాట నాకు చాలా ఇష్టం, పైగా భాషలోని నుడికారాన్ని కూడా మనం పలుకుబడి అనే అంటాం.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఐదు శాశ్వత సభ్య దేశాలకు ఉన్నది వీటో అధికారం. సమితి నియమావళి ఇచ్చింది కాబట్టి అది అధికారం. వీటో శక్తి అని ఎవరూ అనరు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఓట్లు 16 శాతానికి పైన ఉన్నాయి కాబట్టి అది ఒక్కటే వాటిని ఆపగలదు. ఇదీ అధికారమే. డాలరు సంగతి వేరు. 1944లో దేశాల మధ్య ద్రవ్య వ్యవహారాల మీద కుదిరిన బ్రెటన్ వుడ్స్ ఒప్పందంతో డాలరుకు నియమబద్ధమైన స్థానం ఉండేది, ఔన్సు బంగారానికి 35 డాలర్ల లెక్కన. 1971 ఆగస్టులో ఆ ముడి తెగింది. అయినా ఇవాళ్టికీ దేశాల విదేశీ మారక నిల్వల్లో సగానికి పైగా డాలర్లలోనే ఉన్నాయి. ఏ నియమమూ బలవంతం చేయడం లేదు కాబట్టి దీన్ని అధికారం అనకూడదు, ప్రాబల్యం అనాలి. 2022లో రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేసినప్పుడు కొందరు ఆంక్షలు అన్నారు, కొందరు పెత్తనం అన్నారు. పెత్తనం అన్నవారు తీర్పు కూడా చెప్పేశారు.

అగ్రరాజ్యం అనే మాటలో బలం లేదు, స్థానం ఉంది. అగ్రం అంటే కొస, ముందు. "ప్రపంచ ఆర్థిక అగ్రరాజ్యం" అని రాస్తే ఏ కొలతలో అని చదువరి అడుగుతాడు. మార్కెట్ మారకపు రేటుతో లెక్కిస్తే అమెరికాది మొదటి స్థానం. ఏ దేశపు ధరల్లో ఎంత సరుకు వస్తుందో చూసే కొనుగోలు శక్తి లెక్కలో చైనాది.

మీ వాక్యానికి వద్దాం. 1962 చట్టం అధ్యక్షుడికి ఇచ్చింది అధికారం. అది దేశం లోపలి సంగతి. ఎదుటి దేశాలు చర్చలకు దిగివచ్చేలా చేసేది ఆర్థిక బలం. ఇక మొదట ఉన్న "భద్రత కోసం". అలా రాస్తే ఆ సుంకాలు నిజంగానే భద్రత కోసమని మీరే హామీ ఇస్తున్నట్టు. మీ ఉద్దేశం అదే అయితే అలాగే ఉంచండి. ఆ మాట ప్రభుత్వానిది మాత్రమే అయితే మన భాషలో రెండక్షరాల 'అని' ఉంది. "భద్రత కోసమని" అంటే చాలు, మాట చెప్పినవారిది అవుతుంది. కాకపోతే ఒక్కోసారి ఇందులో అనుమానం ధ్వనిస్తుంది. ఆ ధ్వని కూడా వద్దనుకుంటే ఇలా రాయండి: "దిగుమతి ఉక్కు మీద వేసిన సుంకం దేశ భద్రత కోసమే అని అమెరికా ప్రభుత్వం చెప్పింది. ఇతర దేశాలకు మాత్రం అందులో దాని ఆర్థిక బలం కనిపించింది."