ఆ పిల్లాణ్ని బెల్టు షాపుకి పంపకండి

"మా ఆయన రోజూ తాగొస్తున్నారు. మానమంటే గొడవ. తెలియకుండా కూరలో కలిపే మందు ఉందట, పేరు చెప్పండి" అని సిద్దిపేట దగ్గరి ఊరి నుంచి రాసిన అమ్మా!

ఆ పేరు చెప్పను. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. తాగే మనిషి ఒప్పుకున్నాక, లివరు, గుండె పరీక్షలు చూసి డాక్టరే ఇవ్వాలి. ఆ ఆలోచన ఇంతటితో వదిలేయండి.

ఉత్తరం చివర్లో మామూలు సంగతిలా ఒక మాట రాశారు. "రాత్రి 9 గంటలకు మా బాబే వెళ్లి తీసుకొస్తాడు. పదో తరగతి. వాడి మాటే వింటారు." బెల్టు షాపు ముందు తండ్రి చెప్పులు వెతికి, జేబులోంచి పడ్డ చిల్లర ఏరి, జబ్బ పట్టుకుని నడిపించుకొచ్చేది వాడు. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేసి "నాన్నకి జ్వరం" అనేదీ వాడే. నాకు కోపమొచ్చింది, దాచుకోను. భర్త సంగతి తర్వాత, ముందు మీకూ కొడుక్కీ మధ్య ఏం నడుస్తోందో చూసుకోండి. పదిహేనేళ్ల వాణ్ని ఇంటికి మగదిక్కుని చేసేశారు. మీ ఏడుపూ వాడి దగ్గరే. తల్లికి కొడుకు ఆసరా కావాల్సిందే, దానికి ఇంకా వయసుంది. తాగే తండ్రుల పిల్లలకు ఆ అలవాటు అంటుకునే ప్రమాదం మామూలుగానే ఎక్కువ. ఆ షాపు గడప మీరే వాడికి అలవాటు చేస్తున్నారు.

పరువు పోతుందని మీ బావగారికి చెప్పలేదన్నారు. ఊరంతా చూస్తున్నదాన్ని ఇంకా ఎవరి దగ్గర దాస్తారు? ఈ ఆదివారమే పిలిచి చెప్పండి. ఇకమీదట తమ్ముణ్ని తెచ్చుకునే పని ఆయనది. జ్వరం అబద్ధమూ ఆపేయండి, మేస్త్రీకి మీ ఆయనే జవాబు చెప్పుకుంటారు. "నాన్న తాగుడుకి నువ్వు కారణం కాదు, మాన్పించే బాధ్యతా నీది కాదు" అని బాబుతో మీ నోటితోనే అనండి. ఆ మాట కోసం వాడు ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడో!

భర్తతో మాట్లాడేది పొద్దున, తాగని వేళ. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వెళ్దామని అడగండి. రానంటే మీరే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, ఇంట్లోవాళ్లకీ దారి చెబుతారు. పంతానికి పోయి ఒక్కసారిగా మాన్పించి మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లకు ఆపిన రెండు మూడు రోజుల్లోపే చేతుల వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం రావచ్చు. అలా జరిగితే తెల్లారేదాకా ఆగొద్దు, 108ని పిలవండి.